మా నాన్నను బయటికి పంపి అడిగిన ప్రశ్న

నొప్పి కుడివైపు పక్కటెముకల కింద మొదలయ్యేది. ముందు లోపల ఎవరో పేగు పట్టుకుని మెల్లగా మెలిపెడుతున్నట్టు ఉండేది. కాసేపటికి వెన్నులోకి, అక్కణ్నుంచి కుడి భుజం దాకా పాకేది. కూర్చోలేను, పడుకోలేను, నిలబడలేను. మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని నుదురు నేలకు ఆనిస్తే కొంచెం తెరిపిగా ఉండేది. వాంతి అయ్యేది గాని చేదు నీళ్లు తప్ప ఏమీ పడేది కాదు. మొదట్లో ఒక గంట ఉండి పోయేది. తర్వాత తర్వాత రాత్రంతా ఉండేది. దేనివల్ల వస్తోందో నాకు అనుమానం ఉంది. ఆ మాట నోటితో అనడానికి చాలా కాలం పట్టింది. అనడం ఇంకొన్ని రోజులు ఆలస్యమైతే నా పొట్ట కోసి ఉండేవాళ్లు.

మాది విశాఖ దగ్గర ఆనందపురం. హైవే జంక్షను దగ్గర పూల మార్కెట్లో మా నాన్నది కమీషన్ వ్యాపారం. తెల్లవారకముందే చుట్టుపక్కల ఊళ్ల రైతులు బంతి, చామంతి, కనకాంబరాలు, లిల్లీలు మూటలు కట్టి ఆటోల్లో తెస్తారు. విశాఖ, విజయనగరం నుంచి కొనేవాళ్లు వస్తారు. ఎండెక్కేసరికి సరుకు ఖాళీ అయిపోవాలి, లేకపోతే వాడిపోతుంది. ఆ సంపాదనతోనే నన్ను విశాఖలో డిగ్రీ చదివించారు. చదువయ్యాక బెంగళూరు వెళ్లి పెళ్లిళ్లకు, కంపెనీ ఫంక్షన్లకు, పార్టీలకు సౌండు, లైట్లు పెట్టే సంస్థలో చేరాను. రాత్రి పని, పగలు నిద్ర. వారాంతాల్లో ఊరి బయట ఫామ్‌హౌసుల్లో పార్టీలు. అక్కడే తెల్లటి పొడి ఒకటి చేతికొచ్చింది. అందరూ దాన్ని ‘కె’ అనేవాళ్లు. అసలు పేరు కెటమిన్.

మా వైపు మత్తు అంటే గంజాయే. పాడేరు, చింతపల్లి నుంచి దిగొచ్చే సరుకు కోసం మా జంక్షన్లో పోలీసులు బళ్లు ఆపి డిక్కీలు తెరిపించడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. గంజాయి తాగినవాణ్ని వాసనతో పట్టేస్తారు. తాగుబోతును నడకతో పట్టేస్తారు. దీనికి అవేవీ లేవు. నోరు వాసన రాదు, చేతి మీద సూది గుర్తు ఉండదు, ఒక గంటలో మత్తు దిగిపోతుంది. ఉద్యోగాల్లో చేరేటప్పుడు మామూలుగా చేసే మత్తు పరీక్షల్లో కూడా ఎక్కువగా ఇది ఉండదు. నేను సిగరెట్ కాల్చను, బీరు కూడా తాగను. ఊళ్లో మా నాన్న నన్ను చూపించి మిగతా పిల్లలకు బుద్ధి చెప్పేవాడు. అందుకే ఏళ్లు గడిచినా ఎవరికీ తెలియలేదు. వారాంతం అలవాటు కాస్తా వారం మధ్యకు వచ్చింది, తర్వాత రోజూ అయింది. శరీరం అలవాటు పడుతున్న కొద్దీ మోతాదు పెరుగుతూ పోయింది.

ముందు దెబ్బ తిన్నది మూత్రాశయం. పావుగంటకోసారి వెళ్లాలి. వెళ్తే నాలుగు చుక్కలు, మంట. సినిమా మధ్యలో లేచిపోవడం, బస్సెక్కాలంటే భయం, రాత్రి నిద్ర ముక్కలు ముక్కలు. ఇంటికి రావాలంటే ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో బాత్రూమ్ పక్క బెర్తు దొరికితేనే ఎక్కేవాణ్ని. వాసన వస్తుందని అందరూ వద్దనుకునే ఆ బెర్తు కోసం నేను మనుషుల్ని బతిమాలుకునేవాణ్ని. ఒకరోజు మూత్రంలో నెత్తురు, దాంతోపాటు జిగురుగా ముక్కలు పడ్డాయి. ఎండదెబ్బ అన్నారు తోటివాళ్లు. బార్లీ నీళ్లు తాగమన్నారు. తాగాను.

ఆ తర్వాత కడుపు నొప్పి మొదలైంది. ఇందులో ఘోరమైన సంగతి ఒకటుంది, అది ఇది వాడినవాళ్లకే తెలుస్తుంది. కెటమిన్ నొప్పిని చంపే మందు కూడా. కడుపు మెలిపెడుతుంటే ఇంకాస్త పీల్చితే నొప్పి మాయమయ్యేది. ఆ హాయి గంట కూడా నిలవదు. దిగాక ముందుకంటే ఎక్కువగా పట్టుకునేది. నొప్పి తెచ్చేదీ అదే, తగ్గించేదీ అదే అయ్యాక ఆనందం, పార్టీ అన్న మాటలకు చోటే లేదు. గదిలో ఒక్కణ్నే కూర్చుని, ఇంకో గంట ఓర్చుకోవడానికి పీల్చేవాణ్ని. అది కాకపోతే వేణ్నీళ్లు. బాత్రూమ్ నేల మీద కూర్చుని బకెట్ల కొద్దీ వేణ్నీళ్లు పొట్ట మీద పోసుకునేవాణ్ని. చర్మం కమిలి నల్లటి మచ్చలు పడ్డాయి. అవి ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

2022 చివర్లో పని మానేసి ఇంటికొచ్చేశాను. ఒళ్లు సగమైంది. మా అమ్మ వాకిట్లో వెలుతురుకు నా మొహం తిప్పి కింది రెప్ప లాగి చూసింది. “కళ్లు పచ్చగున్నాయిరా నాయినా, కామెర్లే” అంది. రాత్రుళ్లు అరికాళ్లు, అరచేతులు దురద. గోకి గోకి రక్తాలు వచ్చేవి. మా వైపు కామెర్లంటే ముందు పసరే. అమ్మ ఎవరో చెప్పిన ఊరికి తీసుకెళ్లి నేలఉసిరి పసరు పోయించింది, ఉప్పు, నూనె మానిపించింది, సింహాద్రి అప్పన్నకు మొక్కుకుంది. ఆమెను తప్పు పట్టను. ఆమెకు తెలిసిన కామెర్లు అవే. ఊళ్లో ఆర్‌ఎంపీ డాక్టరు గ్యాస్ అని గొట్టం మాత్రలు రాసిచ్చాడు. పరగడుపున వేసుకున్నాను. ఇంట్లో కూడా నా దగ్గర పొడి ఉండేది. పసరు తాగిన కడుపుతోనే అదీ పీల్చేవాణ్ని.

ఒక తెల్లవారుజామున మార్కెట్లో బంతిపూల మూటల మీద బోర్లా పడిపోయాను. నాన్న కాటా వదిలేసి పూల ఆటోలోనే ఎక్కించి మధురవాడ, హనుమంతువాక మీదుగా విశాఖలోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్లాడు.

రక్తపరీక్షల్లో బిలిరుబిన్ కొంచెమే ఎక్కువ. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, జీజీటీ అన్నవి మాత్రం చాలా రెట్లు పెరిగిపోయాయి. కాలేయం కంటే కాలేయం నుంచి బయటికి వచ్చే గొట్టాల్లో తేడా ఉంటే అవి అలా పెరుగుతాయట. కాలేయం రోజుకు అర లీటరు పైన పైత్యరసం తయారుచేస్తుంది. అది సన్నటి నాళాల్లోంచి పెద్ద నాళంలోకి చేరి, అక్కణ్నుంచి చిన్నపేగులో పడుతుంది. మనం తిన్న నూనె, నెయ్యి అరిగేది దానివల్లే. ఆ పెద్ద నాళం మామూలుగా ఆరు మిల్లీమీటర్లకు మించి ఉండదు. అల్ట్రాసౌండ్‌లో నాది పద్నాలుగు. నాళం అంత ఉబ్బిందంటే కింద ఎక్కడో రాయి అడ్డుపడి ఉండాలి. రాయి లేదు. ఎంఆర్‌సీపీ అని నాళాల బొమ్మ తీసే స్కాన్ చేశారు. గొట్టంలో పడుకోబెట్టి ఊపిరి బిగపట్టమన్నప్పుడల్లా మూత్రం ఆగక నానా యాతన పడ్డాను. రాయి లేదు, గడ్డ లేదు. నాళం మధ్యలో ఉబ్బి, పేగులో కలిసే చోట సన్నబడి ఉంది.

పెద్ద సర్జను ఫిల్ము చూసి ఇది పుట్టుకతో వచ్చే తిత్తి కావచ్చన్నారు. కొంతమందికి పైత్యనాళం పుట్టుకతోనే ఉబ్బి ఉంటుంది. వదిలేస్తే ముందుముందు క్యాన్సర్‌కు దారితీయవచ్చు కాబట్టి ఉబ్బిన నాళాన్ని, పిత్తాశయాన్ని తీసేసి పేగును పైకి లాగి కాలేయం దగ్గర కుట్టేస్తారు. పెద్ద ఆపరేషన్. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆయన ముందున్న బొమ్మకు ఆ పేరు సరిపోతుంది. ఆయన దగ్గర లేనిది నా నోట్లో ఉన్న మాట. “తాగుతావా?” అని అడిగారు. నేను నోరు తెరిచేలోగా నాన్న అందుకున్నాడు: “మావోడు చుక్క ముట్టడు డాక్టరుగారూ. ఊరంతా ఎరుగుదురు.” అది నిజమే. ఆ నిజం చాటున నేను దాక్కున్నాను.

మర్నాడు సాయంత్రం ఒక జూనియర్ డాక్టరమ్మ వచ్చింది. వయసులో నాకంటే చిన్నదై ఉంటుంది. చార్టు తిప్పి చూసింది. నర్సు రాసిన కాగితంలో రాత్రి నేను ఎన్నిసార్లు బాత్రూమ్‌కు లేచానో ఉంది. దాని దగ్గర వేలు ఆగింది. “బాబాయిగారూ, మీరు కింద ఫార్మసీలో ఈ మందు తెస్తారా?” అని చీటీ రాసి నాన్న చేతికిచ్చింది. ఆయన వెళ్లాక కర్టెన్ లాగి, స్టూలు మంచానికి దగ్గరగా జరుపుకుని కూర్చుంది.

“మూత్రానికి ఇన్నిసార్లు ఎందుకెళ్తున్నావ్?”

“ఎప్పట్నుంచో ఉందండి.”

“మంట? రక్తం?”

“అప్పుడప్పుడు.”

“బెంగళూరులో ఏం పని?”

చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, “కెటమిన్ వాడతావా?” అంది. మందు పేరు మామూలుగా, జ్వరం ఉందా అన్నట్టు అడిగింది. నా జీవితంలో ఆ మాట పార్టీల్లో తప్ప ఇంకెక్కడా ఎవరి నోటా వినలేదు. లేదన్నాను. ఆమె లేవలేదు. “నిన్ను పోలీసులకు అప్పజెప్పడానికి అడగట్లేదు. సర్జన్ నీ పొట్ట కోసే ముందు నాకు తెలియాలి. ఆ నాళం ఒకసారి తీసేస్తే మళ్లీ పెట్టలేం” అంది. అప్పుడు చెప్పాను. ఎన్నేళ్లు, ఎంత, చివరిసారి ఎప్పుడు, అంతా. ఆమె రాసుకుంది. మొహంలో ఏ మార్పూ లేదు. ఇప్పటికీ ఆమెకు చేతులెత్తి దండం పెడతాను, ఆ మొహం అలా ఉంచినందుకు.

ఆపరేషన్ ఆగింది. నోట్లోంచి గొట్టం పంపి లోపలి నుంచి చేసే అల్ట్రాసౌండ్ చేసి, రాయిగాని గడ్డగాని దాగి లేదని ఖాయం చేసుకున్నారు. తర్వాత ఆ డాక్టరమ్మే విడమరిచి చెప్పింది. కెటమిన్ చెడ్డ మందు కాదు. 1962లో అమెరికాలో పార్క్-డేవిస్ కంపెనీ కోసం కాల్విన్ స్టీవెన్స్ అనే రసాయన శాస్త్రవేత్త తయారుచేశాడు. 1970లో అక్కడ అనుమతి వచ్చింది, వియత్నాం యుద్ధంలో గాయపడ్డ సైనికులకు వాడారు. ఊపిరిని, బీపీని పెద్దగా పడిపోనివ్వదు కాబట్టి పెద్ద యంత్రాలు లేని చిన్న ఆస్పత్రుల్లో కూడా దీనితో ఆపరేషన్లు చేయొచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో దశాబ్దాలుగా ఉంది. ఆస్పత్రిలో ఒకసారి తీసుకున్నవాళ్లకు దీనివల్ల నాళాలు పాడవుతాయన్న భయం అక్కర్లేదు. దెబ్బతీసేది నాలాగా నెలలు, ఏళ్ల తరబడి వాడటం.

ఆ దెబ్బను ముందు గుర్తించినవాళ్లలో హాంకాంగ్ డాక్టర్లు ఉన్నారు. అక్కడ యువకుల్లో ఈ అలవాటు ఒకప్పుడు బాగా ప్రబలింది. 2007 ప్రాంతంలో కెనడా నుంచీ హాంకాంగ్ నుంచీ మూత్రాశయం కుంచించుకుపోయిన రోగుల గురించి నివేదికలు వచ్చాయి. 2009లో హాంకాంగ్ డాక్టర్లు ప్రచురించిన ఇంకో నివేదిక అచ్చంగా నా కథే: కెటమిన్ వాడేవాళ్లలో పైత్యనాళం ఉబ్బి, పుట్టుకతో వచ్చే తిత్తిలా కనిపిస్తుందని. 2018లో అక్కడిదే పెద్ద అధ్యయనం ఒకటి వచ్చింది. మూత్ర సమస్యలతో వచ్చిన కెటమిన్ వాడకందార్లలో 257 మందికి నాళాల స్కాన్ తీస్తే 159 మందికి తేడా కనిపించింది. వాళ్ల సగటు వయసు ముప్ఫై కూడా లేదు. మందు నాళం గోడలోని కండరాన్ని పట్టు తప్పేలా చేస్తుందని కొందరు, అది విరిగి పైత్యరసంలో కలిసినప్పుడు లోపలి పొరను కాలుస్తుందని కొందరు అంటున్నారు. కొందరిలో అది కాలేయం గట్టిపడే దాకా వెళ్తుంది. మానేస్తే చాలామందిలో తగ్గుముఖం పడుతుంది. విరుగుడు మందంటూ వేరే లేదు.

ఇక నాన్నకు చెప్పాలి. నేనే చెప్తానన్నాను. వార్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఆపరేషన్లలో ఇచ్చే మత్తుమందు నేను వాడానని చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. “నీకు ఆపరేషన్ ఎప్పుడు చేసినార్రా? ఆ మందు నీకెవుడిచ్చినాడు?” అన్నాడు. మళ్లీ చెప్పాల్సి వచ్చింది. మత్తు కోసమే కొనుక్కున్నానని, ముక్కుతో పీల్చానని, ఏళ్లుగా అని. పక్క బెంచీ మీదవాళ్లు వింటున్నారు. ఆయన తుండుగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. అప్పుడు అడిగిన మాట ఇదొక్కటే: “మానేస్తే తగ్గుతాదా?” తగ్గుతుందన్నారని చెప్పాను. “మరింకేటి, మానీ” అన్నాడు. కోపం తర్వాత వచ్చింది. ఇంటికెళ్లాక చాలా రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అమ్మకు ఇద్దరం కలిసి చెప్పాం. ఆమె అప్పన్న మొక్కును వదల్లేదు, ఇంకో మొక్కు కలిపింది.

మానడం అంత తేలిగ్గా ఉండి ఉంటే ఆ నొప్పికే మానేసేవాణ్ని. తాగుడు మానేవాళ్లకు చేతులు వణుకుతాయి, అది పైకి కనిపిస్తుంది. ఇందులో బయటికి అంతగా ఏమీ కనిపించదు. దిగులు, భయం, నిద్రలేమి, దేనిమీదా మనసు నిలవకపోవడం. బతకడం ఎందుకు అనిపించిన రాత్రులున్నాయి. ఆ మాట కూడా డాక్టరుకు చెప్పమని రాస్తున్నాను, నేను చెప్పాను కాబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను. మానసిక వైద్యుడి దగ్గర చికిత్స మొదలుపెట్టారు. నొప్పికి వేరే మాత్రలిచ్చారు, మూత్రాశయానికి యూరాలజిస్టు వేరే, పైత్యరసం పలచబడటానికి ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్లం మాత్రలు. నొప్పికి వేరే దారి దొరికాకే పొడి లేకుండా ఒక రాత్రి గడపగలిగాను. నొప్పిని అలాగే ఉంచి మానెయ్యి, మానెయ్యి అంటే ఎవరూ మానలేరు. ఇది ఇళ్లల్లో వాళ్లు గట్టిగా తెలుసుకోవాలి.

నన్ను అన్నేళ్లు నోరు మూయించింది సగం పరువు, సగం పోలీసు భయం. కెటమిన్‌ను మన దేశంలో 2011లోనే మాదకద్రవ్యాల చట్టం (ఎన్డీపీఎస్) కిందికి తెచ్చారు. మందుల షాపులో అమ్మకానికి కూడా షెడ్యూల్ ఎక్స్ కట్టుబాట్లు పెట్టారు. జేబులో పట్టుబడితే కేసే. కానీ అదే ఎన్డీపీఎస్ చట్టంలో 64ఏ అని ఒక సెక్షను ఉంది. వాడినందుకో, కొద్ది మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు పడ్డ వ్యసనపరుడు తనంతట తాను గుర్తింపు ఉన్న ఆస్పత్రిలో చికిత్సకు వస్తే అతణ్ని ప్రాసిక్యూట్ చేయకుండా రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. గంజాయి వద్దని గోడల మీద రాసేవాళ్లు ఈ సంగతి కూడా రాస్తే బాగుండును. భయంతో దాక్కున్నవాడికి చట్టం తలుపు తెరిచే ఉంచిందని ఎవరో ఒకరు చెప్పాలి కదా.

2023 అక్టోబరులో ‘ఫ్రెండ్స్’ సీరియల్ నటుడు మాథ్యూ పెర్రీ చనిపోయాడు. కెటమిన్ ప్రభావం వల్లేనని తర్వాత శవపరీక్షలో తేలింది. బెంగళూరు స్నేహితులు కొందరు అప్పుడు భయపడి ఫోన్ చేశారు. చచ్చిపోతామా అని అడిగారు. నేను వాళ్లను, మూత్రానికి ఎన్నిసార్లు వెళ్తున్నారని అడిగాను. ఇద్దరు జవాబు చెప్పకుండా ఫోన్ పెట్టేశారు. ఒకడు మాత్రం మర్నాడు మళ్లీ చేశాడు.

మానేశాక ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ కొన్ని నెలల్లో దాదాపు మామూలు స్థాయికి దిగింది. దురద ముందు పోయింది, తర్వాత కళ్ల పసుపు. కడుపు నొప్పి ఒక్కసారిగా పోలేదు, మెల్లగా దూరం జరిగింది. ఏడాది తర్వాత తీసిన స్కాన్‌లో నాళం తొమ్మిది మిల్లీమీటర్లు. మామూలుకు ఇంకా రాలేదు, రాకపోవచ్చునని కూడా చెప్పారు. ఆరు నెలలకోసారి రక్తపరీక్ష, ఏడాదికోసారి స్కాన్ తప్పదు. మూత్రాశయం నాళమంత దయ చూపలేదు, ఇప్పటికీ రెండు గంటలు మించి ఆగలేను. తెల్లవారుజామున నాన్నతో మార్కెట్‌కు వెళ్తున్నాను. మూటలు ఎత్తనివ్వడు, కాటా దగ్గర కూర్చోబెడతాడు. కార్తీకమాసంలో చామంతి ధర, శ్రావణంలో కనకాంబరం ధర మళ్లీ నోటికి వస్తున్నాయి. చేపల పులుసు అరుగుతోంది.

ఇది చదువుతున్నవాళ్లలో నాలాంటి వాడు ఒక్కడున్నా అతనికి చెప్తున్నాను. కడుపు మెలిపెడుతూ, మూత్రం ఆగక ఇబ్బంది పడుతుంటే ఆస్పత్రికి వెళ్లు. వెళ్లాక స్కాన్ కంటే ముందే ఆ మందు పేరు చెప్పు. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేకపోతే డాక్టరుతో ఒంటరిగా మాట్లాడాలని అడుగు, అది నీ హక్కు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే కేంద్ర ప్రభుత్వ డీఅడిక్షన్ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చెయ్యి. మన రాష్ట్రంలో మత్తుమందుల్ని అరికట్టే ఈగల్ విభాగం నంబరు 1972 కూడా ఉంది. విశాఖలో ఉన్నవాళ్లకు చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది.

డాక్టర్లకూ ఒక విన్నపం. పైత్యనాళం ఉబ్బి, రాయి కనబడని కుర్రాడో అమ్మాయో మీ ముందుకొస్తే, తాగుతావా అన్న ప్రశ్నతో ఆగిపోకండి. వెంట వచ్చిన అమ్మానాన్నల్ని ఏదో పని మీద ఐదు నిమిషాలు బయటికి పంపండి. మూత్రం సంగతి అడగండి. ఆ తర్వాత కెటమిన్ పేరు పెట్టి అడగండి.